నిన్న దిగిన వీడియో ఇవాళ ఎందుకు దిగడం లేదు? వైటీ-డీఎల్‌పీ మాటిమాటికీ మొరాయించడం వెనక కథ

క్లుప్తంగా

యూట్యూబ్ లాంటి సైట్ల నుంచి వీడియోలు దించే వైటీ-డీఎల్‌పీ లాంటి కమాండ్ లైన్ టూల్ (ఆదేశాలు టైప్ చేసి నడిపేది) చేసేది సర్వర్‌లో ఉన్న ఫైలును కాపీ చేయడం కాదు. బ్రౌజర్ చేసే పనిని బ్రౌజర్ లేకుండా చేయడం. సైటు తన ప్లేయర్‌ను మార్చినప్పుడల్లా టూల్ కూడా మారక తప్పదు. అందుకే పాత వెర్షన్ ఆగిపోతుంది. 2025 నవంబరు నుంచి యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే దీనికి వేరే జావాస్క్రిప్ట్ ఇంజిన్ (వెబ్ పేజీల కోడ్‌ను నడిపే ప్రోగ్రాం) కూడా తోడు కావాలి. తెలుగు పేర్లున్న వీడియోలకు ఇంకో చిక్కు అదనం. చట్టం విషయంలో అమెరికా, జర్మనీ, భారత్ ఒకే దారిలో లేవు.

పోయిన నెల దాకా చక్కగా పనిచేసిన కమాండే. అదే కంప్యూటరు, అదే లింకు. ఇవాళ ఎంటర్ కొడితే నల్ల తెర మీద "403 ఫర్బిడెన్" అని ఎర్రర్ వస్తుంది. కొందరికి "మీరు రోబో కాదని తేల్చుకోవడానికి సైన్ ఇన్ చేయండి" అన్న మాట కనిపిస్తుంది. ఇంకొందరికి వీడియో దిగుతుంది గానీ 360పీలో, బోర్డు మీద రాసింది చదవలేనంత మసగ్గా. టూల్ పాడైందని, సైటు తమను బ్లాక్ చేసిందని, నెట్ బాగోలేదని ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. నిజానికి 403, రోబో మాట, మసక వీడియో ఈ మూడింటికీ వేర్వేరు కారణాలున్నాయి.

లింకు వెనక ఫైలు ఉండదు

పదిహేనేళ్ల కిందట వెబ్ వీడియో అంటే చాలావరకు ఒక ఫైలే. దాని చిరునామా దొరికితే చాలు, మిగతాది కాపీ చేయడమే. ఇప్పుడు యూట్యూబ్‌లో ఒక వీడియో పెడితే, సైటు దాన్ని ఎన్నో రూపాల్లో తయారుచేసి పెట్టుకుంటుంది. 144పీ నుంచి 4కే దాకా ఒక్కో సైజు, ఒక్కో సైజులో హెచ్.264, వీపీ9, ఏవీ1 అని రెండు మూడు రకాల కోడెక్‌లు, అంటే వీడియోను కుదించే పద్ధతులు. బొమ్మ ఒక ప్రవాహం, ధ్వని ఇంకో ప్రవాహం. చూసేవాళ్ల నెట్ వేగాన్ని బట్టి ప్లేయర్ మధ్యలో సైజు మార్చుకోవాలి కాబట్టి ఈ ఏర్పాటు. బొమ్మ ఎన్నిసార్లు మారినా ధ్వని మాత్రం అలాగే సాగిపోతుంది.

వైటీ-డీఎల్‌పీకి లింకు ఇచ్చి, డాష్ పక్కన పెద్ద ఎఫ్ (-F) పెడితే ఈ సరుకంతా ఒక పట్టికలా కనిపిస్తుంది. 137 అన్న అంకె ఉంటే 1080పీ హెచ్.264 బొమ్మ, ధ్వని లేకుండా. 140 అంటే ఎం4ఏ ధ్వని, సుమారు 128 కేబీపీఎస్. 251 అంటే ఓపస్ ధ్వని. బొమ్మా ధ్వనీ కలిసే వచ్చేది సాధారణంగా 18 అన్న అంకె ఒక్కటే. అది 360పీ.

మసక వీడియో గుట్టు ఇక్కడే ఉంది. విడివిడిగా దిగిన రెండు ప్రవాహాల్ని ఒక్క ఫైలుగా కుట్టే పని వైటీ-డీఎల్‌పీది కాదు, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌ది. అది కంప్యూటర్లో లేకపోతే, ప్రత్యేకంగా ఏదీ అడగనప్పుడు, టూల్ ముందే కలిసి ఉన్న ఫైలు కోసం చూస్తుంది. దొరికేది 360పీ. 137, 140 కావాలని పట్టుబడితే రెండు ఫైళ్లు పక్కపక్కన దిగుతాయి, ఒకటి మూగది, ఇంకోటి గుడ్డిది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ పెట్టుకుంటే సెకన్లలో కలిసిపోతాయి. అలా కుట్టేటప్పుడు నాణ్యత తగ్గదు, ఎందుకంటే అక్కడ ఏదీ మళ్లీ ఎన్‌కోడ్ కాదు.

ఎంపీ3గా మార్చినప్పుడు మాత్రం తగ్గుతుంది. ఎం4ఏ, ఓపస్ రెండూ అప్పటికే కొంత సమాచారాన్ని వదిలేసి కుదించినవి. వాటిని విప్పి మళ్లీ ఎంపీ3గా కుదిస్తే ఇంకొంత పోతుంది. యూట్యూబ్ నుంచి తీసిన పాటకు "320 కేబీపీఎస్" అని పేరు పెట్టి ఇచ్చే సైట్లు చేసేది ఇదే. 128 కేబీపీఎస్ ధ్వనిని 320 డబ్బాలో పోస్తే డబ్బా పెద్దదవుతుంది గానీ పాట బాగుపడదు. వినడమే పనైతే 140ని ఉన్నదున్నట్టు ఉంచుకోవడం మేలు. గంట ఉపన్యాసం 58 ఎంబీ చుట్టుపక్కల తేలుతుంది.

తాళం కాదు, చిక్కు లెక్క

పట్టికలో ప్రతి వరస వెనకా ఒక పొడవాటి చిరునామా ఉంటుంది. అది శాశ్వతం కాదు. సుమారు ఆరు గంటల్లో గడువు తీరిపోతుంది. అడిగిన కంప్యూటరు ఐపీ చిరునామా కూడా అందులో ముడిపడి ఉంటుంది. ఒకచోట తీసిన చిరునామాను ఇంకొకరికి వాట్సాప్‌లో పంపితే తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

ఆ చిరునామాలో ముఖ్యమైన ముక్కలు రెండున్నాయి. ఒకటి సంతకం. కొన్ని వీడియోలకు సైటు దీన్ని అక్షరాలు అటూ ఇటూ చేసి ఇస్తుంది. సరిచేసే సూత్రం ప్లేయర్ తాలూకు జావాస్క్రిప్ట్ ఫైల్లోనే ఉంటుంది. రెండోది ఎన్ అనే అక్షరంతో ఉండే ముక్క. 2021 నుంచి దీని ప్రాముఖ్యం పెరిగింది. దీన్ని ప్లేయర్ చెప్పిన లెక్క ప్రకారం మార్చి పంపకపోతే సర్వర్ కాదనేది కాదు, నత్తనడకన ఇచ్చేది. సెకనుకు 50 కేబీ లెక్కన 500 ఎంబీ ఫైలుకు దాదాపు మూడు గంటలు. అప్పట్లో చాలామంది తమ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీని తిట్టుకున్నది ఈ ముక్క వల్లే.

ఈ లెక్క ఎవరికీ రహస్యం కాదు. వీడియో చూసే ప్రతి బ్రౌజర్‌కూ సైటే దాన్ని పంపుతుంది. చిక్కల్లా లెక్క తరచూ మారడంలో, రోజురోజుకీ మెలికలు తిరగడంలో ఉంది. వైటీ-డీఎల్‌పీ పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం. జావాస్క్రిప్ట్ దాని భాష కాదు. అందుకని చాలాకాలం ఒక చిన్న అనుకరణ ఇంజిన్‌ను లోపలే పెట్టుకుని, ప్లేయర్ కోడ్‌లో కావాల్సిన రెండు ఫంక్షన్లను వెతికి తీసి నడిపేది. యూట్యూబ్ కోడ్ రూపం మార్చితే ఆ వెతుకులాట తప్పేది. తయారీదారులు ఒకటి రెండు రోజుల్లో సరిచేసి కొత్త వెర్షన్ విడుదల చేసేవాళ్లు. ఇలా ఏళ్ల తరబడి నడిచింది.

2025లో ఆ పద్ధతికి కాలం చెల్లింది. ప్లేయర్ కోడ్ ఎంత జటిలమైందంటే, అనుకరణతో పని జరగదని తయారీదారులే చేతులెత్తేశారు. 2025 నవంబరు 12 వెర్షన్ నుంచి యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే డీనో లాంటి అసలుసిసలు జావాస్క్రిప్ట్ ఇంజిన్ వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నోడ్, బన్, క్విక్‌జేఎస్ కూడా పనికొస్తాయి. ఇది తెలియకుండా టూల్‌ను మాత్రమే అప్‌డేట్ చేసినవాళ్లకు కొన్ని ఫార్మాట్లు పట్టికలోంచి మాయమవుతున్నాయి.

లెక్క సరిగ్గా చేసినా చాలని పరిస్థితి ఇంకోటి ఉంది. 2024 నుంచి యూట్యూబ్ కొన్ని చోట్ల ఒక టోకెన్ అడుగుతోంది. అడుగుతున్నది నిజమైన బ్రౌజర్ లేదా యాపేనని నిర్ధారించే చీటీ అది. చీటీ లేకపోతే 403 రావచ్చు. డేటా సెంటర్ల ఐపీల నుంచి, అంటే అద్దె సర్వర్ల నుంచి అడిగితే "రోబో కాదని తేల్చుకోండి" అన్న గోడ ఇంకా తొందరగా అడ్డొస్తుంది. లింకు పేస్ట్ చేస్తే వీడియో ఇచ్చే వెబ్‌సైట్లు ఒక వారం పనిచేసి మరో వారం పడకేయడానికి ఇది పెద్ద కారణం. అవి అందరి తరఫునా ఒకే సర్వర్ నుంచి అడుగుతాయి. ఇంట్లో కంప్యూటర్ నుంచి వెళ్లే అభ్యర్థన మామూలు ప్రేక్షకుడి అభ్యర్థనలాగే కనిపిస్తుంది.

రెండు పేర్లు, ఒక వంశం

పాత ట్యుటోరియల్స్‌లో కనిపించేది యూట్యూబ్-డీఎల్ అన్న పేరు. స్పెయిన్‌కు చెందిన రికార్డో గార్సియా 2006లో దాన్ని మొదలుపెట్టారు. చదువు ముగించి అవిలెస్ పట్టణం దగ్గరి అడవి ప్రాంతానికి మారినప్పుడు ఆయనకు దొరికిన నెట్ 56కే మోడెమ్. సెకనుకు గరిష్ఠంగా 7 కేబీ. పది ఎంబీ వీడియోకు అరగంట దాకా పట్టేది, ఆన్‌లైన్లో చూడటం అన్న మాటే లేదు. దించుకుని చూడటం ఒక్కటే దారి. జియో రాకముందు ఇక్కడ కూడా నెలకు ఒక జీబీ ప్యాక్ వేసుకుని, కాలేజీ వైఫైలోనో నెట్ సెంటర్లోనో వీడియోలు నింపుకున్న తరానికి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఆ తర్వాత నిర్వహణ చేతులు మారింది. ఒక్క సైటు కోసం పుట్టినది వందల సైట్లకు విస్తరించింది. 2021 డిసెంబరు తర్వాత యూట్యూబ్-డీఎల్ కొత్త స్థిర వెర్షన్ రాలేదు. అంతకు ముందే, 2021 మొదట్లో, దాని కొమ్మల్లో ఒకటి వైటీ-డీఎల్‌పీ పేరుతో వేరుపడి వేగం అందుకుంది. ఇప్పుడు వెయ్యికి పైగా సైట్లకు పనిచేస్తున్నది, తరచూ అప్‌డేట్లు అందుకుంటున్నది ఇదే. ఆండ్రాయిడ్‌లో సీల్, వైటీడీఎల్‌నిస్ లాంటి బటన్ల యాప్‌ల లోపల తిరుగుతున్న ఇంజిన్ కూడా ఇదే. నల్ల తెరంటే బెరుకున్నవాళ్లు వాడేది కూడా చివరికి ఈ కమాండ్‌నే.

లినక్స్ వాడేవాళ్లు పడే గుంట ఒకటుంది. డెబియన్, ఉబుంటు లాంటివి తమ భాండాగారంలో సాఫ్ట్‌వేర్‌ను ఒక వెర్షన్ దగ్గర నిలిపి ఉంచుతాయి. స్థిరత్వం కోసం చేసే మంచి పనే. కానీ నెలనెలా మారక తప్పని టూల్‌కు అదే శత్రువు. అలా ఇన్‌స్టాల్ చేసుకున్న వైటీ-డీఎల్‌పీ మొదటి రోజునుంచే పాతదై ఉండొచ్చు. దీని వెర్షన్ నంబర్లు తేదీలే కాబట్టి వయసు కనిపెట్టడం తేలిక. నంబరులో ఆరు నెలల కిందటి తేదీ కనిపిస్తే ఎర్రర్‌కు ఇంకో కారణం వెతకడం కన్నా ముందు దాన్ని మార్చడమే నయం. ప్రోగ్రాముల కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ సైట్లోని అధికారిక పేజీ నుంచి తీసుకున్న ఫైలైతే డాష్ పెద్ద యూ (-U)తో తనను తానే అప్‌డేట్ చేసుకుంటుంది.

తెలుగు టైటిల్‌కు సరిపోని ఫైలు పేరు

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దాదాపు కనిపించని ఎర్రర్ ఒకటి తెలుగు వీడియోలకు తరచూ వస్తుంది. "ఫైల్ నేమ్ టూ లాంగ్". టైటిల్ చూస్తే అంత పెద్దదేం కాదు, మరి ఎక్కడ తేడా వచ్చింది?

లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లు. పైగా ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం కలిసి ఆరు, అంటే 18 బైట్లు. యూట్యూబ్ టైటిల్‌కు 100 క్యారెక్టర్ల దాకా అనుమతిస్తుంది. ఇంగ్లిష్‌లో నిండా రాసినా 100 బైట్లే. తెలుగులో 300. దానికి తోడు టూల్ టైటిల్ చివర పదకొండు అక్షరాల వీడియో గుర్తును, దిగుతున్నంతసేపూ ఫార్మాట్ అంకెను, తాత్కాలిక తోకను తగిలిస్తుంది. అలా చూస్తే తెలుగు టైటిల్‌కు మిగిలేది 75 యూనికోడ్ అక్షరాల జాగా. భక్తి ఛానెళ్లు, వార్తా ఛానెళ్లు నిలువు గీతలు పెట్టి నింపే టైటిళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తాయి. విండోస్‌లో పరిమితిని వేరేగా లెక్కిస్తారు కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. ల్యాప్‌టాప్‌లో దిగిన పాట ఫోన్‌లోని టెర్మక్స్‌లో (ఆండ్రాయిడ్‌లో కమాండ్లు నడిపే యాప్) దిగకపోవడం అందుకే.

చాలామంది చెప్పే పరిష్కారం, ఫైలు పేర్లను ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం చేసే ఆప్షన్. అది తెలుగుకు పనికిరాదు. పేరంతా అండర్‌స్కోర్లుగా మారిపోతుంది, యాభై కీర్తనలు దించుకుంటే ఏది ఏదో తెలియదు. సరైన దారి, ఫైలు పేరు ఎలా ఉండాలో టూల్‌కు చెప్పే మూసలోనే ఉంది. టైటిల్ అన్న చోట చుక్క పెట్టి 180, దాని పక్కన పెద్ద బీ రాస్తే, అంటే %(title).180B అని పెడితే, టైటిల్‌ను 180 బైట్ల దగ్గర కత్తిరిస్తుంది. కత్తెర పడ్డచోట చివరి అక్షరానికి ఒత్తో గుణింతమో ఊడిపోవచ్చు. మిగతా పేరు మాత్రం చదవగలిగేలా ఉంటుంది.

కుకీలు అరువిస్తే

వయసు పరిమితి ఉన్న వీడియోలకు, రోబో గోడ అడ్డొచ్చినప్పుడు చాలాచోట్ల కనిపించే సలహా, బ్రౌజర్ కుకీలను, అంటే లాగిన్‌ను గుర్తుపెట్టుకునే సమాచారాన్ని, టూల్‌కు ఇవ్వమని. పనిచేస్తుంది. కానీ కుకీ ఫైలు అంటే ఆ ఖాతాకు తాళంచెవి. అది చేతిలో ఉన్నవాళ్లకు పాస్‌వర్డ్ అవసరం లేదు. ఎర్రర్ చూపించి సాయం అడిగేటప్పుడు ఆ ఫైలును కూడా పంపితే ఖాతాను అప్పగించినట్టే. పైగా లాగిన్ అయి ఎడాపెడా దించితే ఖాతా మీదే వేటు పడవచ్చని టూల్ తయారీదారులే హెచ్చరిస్తున్నారు. విండోస్‌లో క్రోమ్ 2024 నడిమి నుంచి కుకీలను వేరే ప్రోగ్రాములు చదవకుండా గట్టిగా ఎన్‌క్రిప్ట్ చేస్తోంది. అందుకే అక్కడ ఈ పద్ధతి విఫలమై, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది.

చట్టం ఎక్కడ గీత గీసింది

2020 అక్టోబరు 23న అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్ఐఏఏ పంపిన నోటీసుతో గిట్‌హబ్ యూట్యూబ్-డీఎల్‌ను తొలగించింది. ఆరోపణ పాటల దొంగతనం కాదు. ఆ దేశపు డిజిటల్ కాపీరైట్ చట్టంలోని 1201వ సెక్షన్ ప్రకారం, రక్షణ ఏర్పాటును దాటించే పరికరాన్ని పంచడమే నేరమన్నది వాదన. పైన చెప్పుకున్న సంతకం లెక్కే ఆ "రక్షణ ఏర్పాటు". టూల్ పరీక్షల కోసం రాసిన కోడ్‌లో కొన్ని ప్రసిద్ధ పాటల లింకులు ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. నిరసనగా కొందరు అదే కోడ్‌ను గిట్‌హబ్ నోటీసులు ప్రచురించే చోటే కనిపించేలా చేశారు. కొంటె పనే గానీ కేసు తేల్చింది అది కాదు. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్లు రాసిన జవాబు తేల్చింది. ప్రతి బ్రౌజర్‌కూ సైటు ఉచితంగా పంపే లెక్కను చేయడం తాళం పగలగొట్టడం కాదని, డీఆర్ఎం (కాపీ చేయకుండా ఎన్‌క్రిప్ట్ చేసే రక్షణ) ఉన్న వీడియోలను ఈ టూల్ ముట్టుకోదని వాళ్లు వివరించారు. ఆ పాటల లింకులు తీసేశాక నవంబరు 16న గిట్‌హబ్ దాన్ని తిరిగి పెట్టింది. ఇలాంటి నోటీసులు ఎదుర్కొనే డెవలపర్ల కోసం పది లక్షల డాలర్ల నిధి ప్రకటించింది.

జర్మనీలో ఇదే వాదన తిరగబడింది. సోనీ, వార్నర్, యూనివర్సల్ సంస్థలు యూట్యూబ్-డీఎల్ వెబ్‌సైట్‌కు చోటిచ్చిన ఊబర్‌స్పేస్ మీద దావా వేశాయి. ప్రోగ్రాం గిట్‌హబ్‌లో ఉంది, ఊబర్‌స్పేస్ దగ్గర ఉన్నది దాని పేజీ మాత్రమే. అయినా 2023 మార్చిలో హాంబర్గ్ కోర్టు సంగీత సంస్థల పక్షాన తీర్పు చెప్పింది. వెబ్‌సైట్ ఆ ఏడాదే ఆగిపోయింది. ఒకే లెక్క, అట్లాంటిక్‌కు ఇటు తాళం, అటు కాదు.

భారత చట్టం మాట వేరు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కూడా సాంకేతిక రక్షణను దాటడాన్ని శిక్షిస్తుంది, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ అందులో ఒక షరతుంది. చట్టం ఇచ్చిన హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో దాటి ఉండాలి. అమెరికా 1201లో ఇలాంటి ఉద్దేశం షరతు లేదు. మన చట్టంలోని 52వ సెక్షన్ పరిశోధనతో సహా వ్యక్తిగత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వర్తమాన వార్తల కోసం న్యాయమైన వాడకానికి చోటిచ్చింది. కాబట్టి తన చదువు కోసం పాఠం దాచుకోవడాన్నీ, దించిన సినిమాను టెలిగ్రామ్ గ్రూపులో పెట్టడాన్నీ ఒకే గాటన కట్టడానికి లేదు. రెండోదానికి ఏ మినహాయింపూ దొరకదు.

చట్టం సంగతి అలా ఉంచితే, యూట్యూబ్ నిబంధనలు వేరే విషయం. సైటే అనుమతించిన దారిలో తప్ప దించుకోకూడదని అవి స్పష్టంగా చెబుతాయి. అది ఒప్పందం. తప్పితే ఖాతా పోవచ్చు. సైటు అనుమతించిన దారి యాప్‌లోని డౌన్‌లోడ్ బటన్. భారత్‌లో అది 2014 డిసెంబరులో వచ్చింది, అప్పట్లో 48 గంటలే ఉండేది. ప్రీమియం 2019 మార్చిలో మొదలైంది. యాప్‌లో దిగినది యాప్ లోపలే ఉంటుంది, గ్యాలరీలోకి రాదు, చందా ఆపితే పోతుంది. ఛానెల్ యజమాని వీడియో తీసేస్తే అదీ పోతుంది. రెండు డౌన్‌లోడ్‌లకూ పేరొకటే. యాప్‌ది అద్దె, టూల్‌ది కాపీ.

కాపీ అవసరమైనవాళ్లు, దానికి హక్కున్నవాళ్లు కూడా ఉన్నారు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ వీడియోలను వికీమీడియా కామన్స్‌కు చేర్చే వీడియో2కామన్స్ పనిముట్టు లోపల పనిచేసేది కూడా వైటీ-డీఎల్‌పీనే. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో వీడియో పెట్టాలనుకునేవాళ్లకు అది మామూలు దారి. సొంత ఛానెల్ వీడియోల అసలు ఫైళ్లు హార్డ్ డిస్కుతో పాటు పోగొట్టుకున్నవాళ్లు మరో వర్గం.

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, ఆహా లాంటి ఓటీటీల గురించి తరచూ వచ్చే ప్రశ్నకు జవాబు చిన్నది. వాటి సినిమాలు డీఆర్ఎం కింద నిజంగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. వైటీ-డీఎల్‌పీ వాటి జోలికి వెళ్లదు. అది చేతకాక కాదు, తయారీదారులు గీసుకున్న గీత. పైన చెప్పిన వాదనంతా ఆ గీత మీదే నిలబడి ఉంది.

ఒత్తిడి పెరుగుతున్నది ఎటు నుంచి

గత రెండు మూడేళ్లలో అడ్డంకులు చిక్కబడటానికి ఒకే కారణం చూపించలేం. ప్రకటనలు, ప్రీమియం చందాలు యూట్యూబ్ ఆదాయం. టూల్‌తో దించినప్పుడు ఆ రెండూ ఉండవు. ఇది పాత కారణం. కొత్తది కృత్రిమ మేధ. పది లక్షల గంటలకు పైగా యూట్యూబ్ వీడియోల మాటల్ని అక్షరాలుగా మార్చి ఓపెన్‌ఏఐ వాడుకుందని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ స్థాయిలో తోడేవాళ్లకూ, వారానికి ఒక పాఠం దించుకునే విద్యార్థికీ సర్వర్ దృష్టిలో పోలిక ఉంటుంది. ఇద్దరూ బ్రౌజర్ కాని బ్రౌజర్లే. గోడ ఇద్దరికీ ఒకటే లేస్తుంది. పెద్ద కంపెనీకి దాన్ని దాటే ఇంజినీర్లున్నారు. విద్యార్థికి ఉన్నది స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్ల అప్‌డేట్.

యూట్యూబ్ ఇప్పుడు తన వీడియో పంపే పద్ధతినే మారుస్తోంది. ఒక్కో ఫార్మాట్‌కు ఒక్కో చిరునామా ఇవ్వకుండా, ఏ ముక్క ఎప్పుడు పంపాలో సర్వరే ప్లేయర్‌తో మాట్లాడుకుంటూ తేల్చే సాబర్ అనే పద్ధతి కొన్ని చోట్ల అమల్లోకొచ్చింది. అక్కడ పట్టికలో వరసలు కనిపించినా వాటి వెనక చిరునామా ఉండదు. పూర్తిగా అటు మారితే, దించే టూల్ ఇంకా ఎక్కువగా బ్రౌజర్‌లా ప్రవర్తించాలి. ఆ బరువు మొదట తగిలేది పాత ఫోన్లలో టెర్మక్స్ నడిపేవాళ్లకు. డీనో 32 బిట్ పరికరాలకు రాదు. అలాంటి చోట తేలికపాటి క్విక్‌జేఎస్ పెట్టుకోవచ్చు గానీ, లింకు ఇచ్చాక పట్టిక కనిపించడానికే కాసేపు ఎదురుచూడాలి.